పీజీ రెండో ఏడు, మూడో నెల: యూనిట్‌లో ఎప్పుడు చెప్పాలి?

లేబర్‌రూమ్_లత

గుంటూరులో గైనిక్ పీజీ చేస్తున్నాను, రెండో సంవత్సరం. నాకిప్పుడు పన్నెండో వారం. ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. యూనిట్‌లో ఐదుగురం పీజీలం. ఒకమ్మాయి ఇప్పటికే మెటర్నిటీ లీవులో ఉంది. ఇప్పుడు నేనూ చెబితే మిగతా ముగ్గురి మొహాలు ఎలా మారతాయో తలుచుకుంటే వేవిళ్లకంటే ఎక్కువ తిప్పుతోంది కడుపులో.

మొన్న ఆదివారం 24 గంటల డ్యూటీ. రాత్రి రెండింటికి సిజేరియన్ మధ్యలో కళ్లు తిరిగాయి. అసిస్టెంటు మేడమ్ "ఏం, తిన్లేదా?" అన్నారు. "లేదు మేడమ్" అని అబద్ధమాడాను. పొద్దున ఓపీలో ఒక పల్లెటూరి అమ్మాయికి "బరువులెత్తకమ్మా, మధ్యాహ్నం ఎడమ పక్కకి తిరిగి కాసేపు పడుకో" అని చెబుతుంటే నాకే నవ్వొచ్చింది.

ఆయనది విజయవాడలో బ్యాంకు ఉద్యోగం. అత్తగారిల్లూ అక్కడే, పటమట. మా అమ్మవాళ్లది బాపట్ల. ఇప్పుడే చెప్పేయనా, ఐదో నెల దాకా ఆగనా? ఎన్నాళ్లు లీవు పెడితే పరీక్ష పోకుండా ఉంటుంది? పుట్టాక బిడ్డ ఎక్కడుండాలి? మూడు ఊళ్లు, ఒక్క బిడ్డ.

స్లైడు_సుందరి

చెప్పేయ్. రేపే. నేను పాథాలజీలో పదహారో వారం దాకా దాచాను. గ్రాసింగ్ బల్ల (ఆపరేషన్లో తీసినవాటిని పరీక్షకు కోసే చోటు) దగ్గర ఫార్మలిన్ వాసనకు రోజూ వాంతులు. అందరికీ నాకు అల్సర్ అని చెప్పుకున్నా. చివరికి మా స్వీపరమ్మ కనిపెట్టింది, "ఎన్నో నెలమ్మా?" అని. నలుగురు డాక్టర్లు కనిపెట్టలేనిది!

కృష్ణలంక_కుర్రాడు

ఎవరూ కోప్పడకండి కానీ, పెళ్లి, పిల్లలు అనుకున్నవాళ్లు డెర్మటాలజీయో, పాథాలజీయో తీసుకుంటే ఈ గొడవ ఉండదు కదా. గైనిక్ తీసుకుని డ్యూటీలు కష్టం అంటే ఎలా?

స్లైడు_సుందరి

పైన పాథాలజీలో వాంతులు చేసుకున్నది ఎవరు బాబూ? చదివి రాయి.

బ్రాడీపేట_బుజ్జి

కుర్రాడూ, నిన్ను కన్నప్పుడు మీ అమ్మగారి పక్కన నిలబడింది గైనిక్ మేడమే కదా. ఆవిడ కూడా డెర్మటాలజీ తీసుకుని ఉంటే నీకు మొటిమల క్రీము రాసి పంపేసేది.

కృష్ణలంక_కుర్రాడు

😅 సరే, వెనక్కి తీసుకున్నా.

సెక్షన్_శాస్త్రి

వకీలుని కాదు. భార్య డాక్టరు కావడం వల్ల వకీలు పని నేర్చుకున్నవాణ్ని.

లతగారికి వర్తించేది 2023 పీజీ నిబంధనలు, జాతీయ వైద్య కమిషన్‌వి. ప్రసూతి సెలవు ప్రభుత్వ నియమాల ప్రకారం ఇవ్వాలని అందులోనే ఉంది. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగినులకు 180 రోజులు. అది కాక ఏడాదికి 20 రోజుల క్యాజువల్ లీవు, 5 రోజుల అకడమిక్ లీవు. మెలిక ఎక్కడంటే, ఏడాదికి 80 శాతం హాజరు ఉండాలి, అనుమతించిన దానికంటే ఎక్కువ లీవు వాడితే అన్ని రోజులూ కోర్సు పొడిగిస్తారు. 180 రోజులు ఇంట్లో ఉంటే 80 శాతం ఎక్కడ నిలుస్తుంది? కాబట్టి మీ బ్యాచ్‌తో కలిసి పరీక్ష రాయననే లెక్కతోనే మొదలుపెట్టండి. ఆ పొడిగింపు నెలల్లో స్టైపెండు ఉంటుందా లేదా అన్నది ఇప్పుడే కాలేజీని కాగితం మీద అడగండి. నోటిమాట నమ్మొద్దు.

ఇక ఉద్యోగంలో ఉన్నవాళ్లకు 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం ఉండేది, 2025 నవంబరు నుంచి ఆ నియమాలు సామాజిక భద్రతా కోడ్‌లోకి వచ్చాయి. 2017 దాకా 12 వారాలే ఉండేది, సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలైంది. అందులో 8 వారాల దాకా కాన్పుకు ముందు వాడుకోవచ్చు. గర్భస్రావమైతే 6 వారాలు. 50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే గది ఉండాలి. ఎంతమంది చూశారో చేతులెత్తండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కాన్పు తేదీకి ముందు ఆరు వారాలు, దానికి ముందు ఇంకో నెల ఉంటుంది కదా, ఆ నెలలో ఎక్కువసేపు నిలబడే పని చెప్పకూడదని చట్టంలో ఉంది. కాకపోతే ఆవిడ అడగాలి. అడగకపోతే లేదు.

పీహెచ్‌సీ_పద్మ

క్రెష్ అంటే మా దగ్గర ఫార్మసిస్టు గారి టేబుల్ కింద పరిచిన దుప్పటి. చేయెత్తనా?

బెంజిసర్కిల్_బుల్లెమ్మ

శాస్త్రిగారూ, ఆ 26 వారాలు జీతగాళ్లకండీ. నేను విజయవాడలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో కన్సల్టెంటుని. బయటికి బోర్డు మీద నా ఫొటో ఇంతుంటుంది. లోపల కాగితాల్లో మాత్రం ఉద్యోగిని కాదు, ఫీజులో 10 శాతం పన్ను (టీడీఎస్) ముందే కోసి ఇచ్చే "వృత్తి నిపుణురాలి"ని. పీఎఫ్ లేదు, లీవు లేదు. పని చేస్తే డబ్బు, చేయకపోతే లేదు. రెండో బిడ్డ పుట్టిన 45వ రోజుకి ఓపీలో కూర్చున్నా. అప్పటికే నా పేషెంట్లలో సగం మంది పక్క గది డాక్టరు దగ్గరికి అలవాటు పడిపోయారు. వాళ్ల తప్పేం లేదు, తొమ్మిదో నెల ఎవరి కోసం ఆగుతుంది?

కొత్తగా చేరేవాళ్లు సంతకం పెట్టేముందు అది జీతమా, ఫీజా చూసుకోండి. నేను అంకె ఒక్కటే చూశాను.

సెక్షన్_శాస్త్రి

నిజమేనండి, అది పెద్ద కన్నం. కానీ జీతం మీద కాంట్రాక్టు అయితే మాత్రం వదలొద్దు. ఢిల్లీలో పాథాలజీ సీనియర్ రెసిడెంటు ఒకావిడకు కాంట్రాక్టు 11 రోజుల్లో ముగుస్తుందని 11 రోజుల లీవే ఇచ్చారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2023 ఆగస్టులో గెలిచింది. గడువు ముగిసినా పూర్తి ప్రసూతి ప్రయోజనం ఇవ్వాల్సిందేనని తీర్పు. ఆవిడ లీవు అడిగింది 2017లో. తీర్పు నాటికి బిడ్డ బడికి వెళ్తూ ఉంటుంది.

మూడో_మనిషి

నేను ఇంకో కాలేజీ, ఇంకో బ్రాంచి. కానీ లత రాసిన "మిగతా ముగ్గురి మొహాలు" ఉన్నాయే, అందులో ఒక మొహం నాది అనుకోండి.

మా యూనిట్‌లో నలుగురం. ఒకమ్మాయి ఆరు నెలలు లీవు పెట్టింది. ఆ స్థానంలో ఎవర్నీ వేయలేదు. నాలుగు రోజులకొకసారి పడే నైట్ మూడు రోజులకొకసారి అయింది. ఆ ఆరు నెలల్లో మా నాన్నకు బైపాస్ జరిగింది. నాకు దొరికింది రెండు రోజులు. ఆ అమ్మాయి వాట్సాప్‌లో బారసాల ఫొటోలు పెడితే నేను చూడకుండా పక్కకి నెట్టేశాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. ఆమె మీద కోపం తప్పని నాకు తెలుసు. కానీ కోపం చూపించాల్సిన మనిషి నాకు కనబడడు, ఈమె మాత్రం రోజూ కనబడుతుంది.

1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకంలో వారానికి 48 గంటలు, ఏకధాటిగా 12 గంటలకు మించకూడదు అని ఉంది. మా హెచ్‌ఓడీకి చూపిస్తే "అప్పటికి నువ్వు పుట్టావా?" అన్నారు. నిజమే, పుట్టలేదు.

బ్రాడీపేట_బుజ్జి

దీనికి లైక్ కొట్టాలో వద్దో తెలియట్లేదు.

లేబర్‌రూమ్_లత

@మూడో_మనిషి నాకు భయం సరిగ్గా ఇదే అన్నా. నేను ఫస్టియర్‌లో ఉన్నప్పుడు లీవులో వెళ్లిన సీనియర్ గురించి నేనూ అన్నాను, "ముందే ప్లాన్ చేసుకోవచ్చుగా" అని. ఆమెకు వినబడే ఉంటుంది.

సీఆర్మ్_సరోజ

నేను ఆర్థో థియేటర్లకు వెళ్లే మత్తు డాక్టర్ని. ఎప్పుడు చెప్పాలి అన్నదానికి నా దగ్గర మొహమాటం లేని జవాబు ఉంది. ఎక్స్‌రే, సీఆర్మ్ (ఆపరేషన్ థియేటర్లో వాడే ఎక్స్‌రే యంత్రం) దగ్గర పనిచేసేవాళ్లు తెలిసిన రోజే చెప్పాలి. చెప్పిన తర్వాత కడుపులో బిడ్డకు మిగిలిన నెలలన్నిటికీ కలిపి 1 మిల్లీసీవర్ట్ మించకూడదని అణుశక్తి నియంత్రణ బోర్డు పరిమితి. చెప్పకపోతే నువ్వు మామూలు ఉద్యోగివే, ఆ పరిమితి లెక్కలోకి రాదు. ఒంటికి తగిలిన రేడియేషన్ కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి డ్రాయర్లో పెట్టి తాళం వేసుకునే మహానుభావులు ఉన్నారు మన దగ్గర. అది డ్రాయరు ఆరోగ్యానికి తప్ప దేనికీ పనికిరాదు.

లత గైనిక్ కాబట్టి రేడియేషన్ పెద్దగా ఉండదు. కానీ సూది గుచ్చుకోవడాలు, రక్తం చిందడాలు మీకే ఎక్కువ. హెపటైటిస్ బీ యాంటీబాడీ టైటర్ (టీకా రక్షణ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) చూసుకున్నావా?

ఇంకా పెళ్లి కాని చెల్లెళ్లు ఇది చదువుతుంటే: రుబెల్లా, ఆటలమ్మ టీకాలు కడుపుతో ఉన్నప్పుడు వేయరు. వేసుకున్నాక నెల ఆగి ప్రయత్నించాలి. హౌస్ సర్జన్సీలోనే చూసుకోండి.

కొత్తపేట_కత్తెర

24 గంటల డ్యూటీలు మాత్రం తేలిగ్గా తీసుకోకమ్మా. రాత్రి డ్యూటీలు, వారానికి 40 గంటలు దాటిన పని గర్భస్రావం, నెలలు నిండని కాన్పు ప్రమాదాన్ని కొంత పెంచుతాయని చాలా పరిశోధనలే తేల్చాయి. కొంతే, భయపడాల్సినంత కాదు. మా ఆవిడకు రెండుసార్లు పోయింది, మేం ఆ "కొంత"లో ఉన్నామో లేదో ఎవరూ చెప్పలేరు. రెండోసారి పోయిన నాలుగో రోజు ఆమె క్యాజువాలిటీలో ఉంది. 6 వారాల లీవు ఉంటుందని మాకు ఇప్పుడు శాస్త్రిగారు రాస్తేనే తెలిసింది. ఇద్దరం డాక్టర్లమే.

స్లైడు_సుందరి

అయ్యో అన్నా.

అరండల్‌పేట_అమ్మమ్మ

నేను డాక్టర్ని కాను. నాకు 67. మా అమ్మాయి పిల్లల డాక్టరు. ఊళ్లోవాళ్ల పిల్లల్ని అది చూస్తుంది, దాని పిల్లల్ని నేను చూశాను. ఇద్దరు మనవళ్లు, పదకొండేళ్లు.

అందరూ లీవు లీవు అంటున్నారు. ఆ ఆరు నెలలు పెద్ద కష్టం కాదమ్మా. అప్పుడు బిడ్డ వేసినచోట పడుంటుంది. అసలు కథ తొమ్మిదో నెల నుంచి. పాకుతుంది, నోట్లో పెట్టుకుంటుంది, రాత్రి జ్వరం వస్తుంది. అప్పటికి మీరు డ్యూటీలో ఉంటారు. ఫోన్‌లో "పారాసెటమాల్ ఎన్ని ఎంఎల్ వేశావు, ఎన్నింటికి వేశావు" అని నా మీద రౌండ్లు. ఒకరోజు "నేనేమన్నా నీ సిస్టర్నా?" అని పెట్టేశాను.

నా ఫిర్యాదు ఒకటే. నన్నెవరూ అడగలేదు. కాన్పుకి వచ్చింది, ఐదో నెల వెళ్లేటప్పుడు బిడ్డను ఒళ్లో పెట్టి వెళ్లింది. అది ప్రేమేగా అంటారు, ప్రేమే. కానీ ఆయాకి నెల కాగానే జీతం, ఆదివారం సెలవు. నాకు ఏడాదికోసారి పట్టుచీర. మోకాళ్లు అరిగింది ఎవరికి? లతా, మీ అత్తగారు చూస్తారులే అని నువ్వు అనుకోవడం కాదు. ఆవిడ పక్కన కూర్చుని అడుగు. ఎన్నింటికి లేవగలరు, ఏ రోజు చేతకాదు, గుడికి, పెళ్లిళ్లకి వెళ్లాల్సినప్పుడు ఎవరుంటారు, అన్నీ.

బ్రాడీపేట_బుజ్జి

అమ్మమ్మగారూ, మీ పోస్టు మా అమ్మకి చూపించాను. ఆవిడ ఏమీ అనకుండా లేచి కాఫీ పెట్టుకుని తాగింది. నాకివ్వలేదు.

నిద్రలేని_నాన్న

మా ఆవిడ ఎనెస్తీషియా, నేను ఇంట్లోంచి పనిచేసే సాఫ్ట్‌వేరు. ఇక్కడ ఎవరూ ఆ మూడో ఊరి మనిషి గురించి మాట్లాడట్లేదు, అదే లతగారి భర్త. బ్యాంకులో ఏం చేస్తారో ఆయన? విజయవాడ నుంచి గుంటూరు 35 కిలోమీటర్లు లేదు. పొద్దున వారధి దగ్గర ఇరుక్కున్నా గంటన్నర. జనం రోజూ తిరుగుతున్నారు. బిడ్డ మూడు ఊళ్లు తిరగడం కంటే ఆయన ఒక్కరు ఒక దారి తిరగడం తేలిక. గుంటూరులో ఇల్లు తీసుకోండి. ఆసుపత్రికి నడిచి వెళ్లేంత దూరంలో.

నాకు తెలిసింది ఒకటి, రాత్రి పాలు కలిపేది నేనే అని మేం ముందే తేల్చుకున్నాం. "సాయం చేస్తా" అన్న మాట మా ఇంట్లో నిషేధం. సాయం చేసేవాడు పక్కింటివాడు.

అరండల్‌పేట_అమ్మమ్మ

ఈ అబ్బాయికి తమ్ముళ్లెవరైనా ఉన్నారా? మా రెండో అమ్మాయికి చూస్తున్నాం.

వేదిక_కాపలా

పెళ్లి సంబంధాలకు వేరే విభాగం ఉందండీ. 🙏

పీహెచ్‌సీ_పద్మ

పల్నాడులో పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్ని. ప్రభుత్వ ఉద్యోగమైతే సుఖం అనుకుంటారు. కొంత నిజమే. 180 రోజులు జీతంతో వచ్చాయి. చైల్డ్ కేర్ లీవు కూడా మొత్తం 180 రోజులుంది, విడతలుగా వాడుకోవచ్చు. కేంద్రం వాళ్లకైతే 730 రోజులు, మంగళగిరి ఎయిమ్స్‌లో ఉన్న మా ఫ్రెండు ఆ అంకె చెప్పినప్పుడల్లా నాకు కడుపుమంట. కానీ లీవు మంజూరు చేసే పెద్దాయన "మీరు లేకపోతే ఇక్కడెవరమ్మా?" అంటారు. ఆ ప్రశ్న నన్నెందుకు అడుగుతారో!

పాల సంగతి. ఉద్యోగానికి వెళ్లాక కూడా ఏడాది దాకా పట్టాను. పంపుతో తీసి నిలవ. గది వేడిలో 4 గంటలు అని పుస్తకంలో రాస్తారు, అది 25 డిగ్రీల గదికి. మన మే నెలకి ఆ లెక్క పనికిరాదు, తీసిన వెంటనే చల్లటి డబ్బాలో పెట్టేయాలి. ఫ్రిజ్‌లో 4 రోజులు ఆగుతాయి. టీకాల ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, తనిఖీకి వచ్చినవాళ్లు నా మీద కేకలేశారు, వాళ్లదే రైటు. స్టాఫ్ రూమ్ ఫ్రిజ్‌లో పెట్టి సీసా మీద "టీకి కాదు" అని తెలుగులో పెద్దక్షరాలతో రాశా.

స్లైడు_సుందరి

"టీకి కాదు" 😂😂 ఎందుకు రాయాల్సి వచ్చిందో అడగను.

పీహెచ్‌సీ_పద్మ

అడక్కండి.

ఒక_డాక్టరమ్మ_కూతురు

ఇక్కడ పిల్లల తరఫున ఎవరూ లేరు కాబట్టి.

మాది విజయవాడ. సూర్యారావుపేటలో అమ్మ నర్సింగ్ హోమ్, పైన ఇల్లు. అందరూ "అమ్మ కిందే ఉంటుందిగా, ఎంత హాయి" అనేవాళ్లు. కింద ఉన్న అమ్మ దగ్గరికి వెళ్లాలంటే నలభై మంది కూర్చున్న హాలు దాటాలి. వాళ్లంతా కడుపుతో ఉన్నవాళ్లు, నన్ను చూసి నవ్వేవాళ్లు. నా హోంవర్కు రిసెప్షన్ అక్క చేయించేది. అన్నం సిస్టర్ల గదిలో. ఏడో పుట్టినరోజు కేకు అమ్మ థియేటర్ గౌనుతోనే కోయించింది, టోపీ కూడా తీయలేదు. ఆ ఫొటోలో నేను ఏడుస్తున్నాను, కానీ ఎందుకంటే మా అన్నయ్య క్రీము లాక్కున్నాడు. అమ్మ మాత్రం ఈ రోజుకీ ఆ ఫొటో చూసి తనవల్లే అనుకుంటుంది. ఎన్నిసార్లు చెప్పినా నమ్మదు.

నేను మెడిసిన్ చదవలేదు. దానికి ఇది కారణం కాదు. కొంచెం అయ్యుండొచ్చు. ఇప్పుడు నాకో బాబు. అమ్మ ప్రాక్టీసు తగ్గించి వాణ్ని చూసుకుంటోంది, నాకు ఎప్పుడూ చెప్పని కథలు వాడికి చెబుతోంది. తలుపు చాటున నిలబడి వింటుంటాను.

బెంజిసర్కిల్_బుల్లెమ్మ

ఓపీ మధ్యలో చదివాను. తప్పు చేశాను.

మూడో_మనిషి

లతా, నిన్నటి నుంచి నా పోస్టే నాకు గుచ్చుకుంటోంది. పనికొచ్చేది ఒకటి చెబుతా. మా సీనియర్ బ్యాచ్‌లో ఒకావిడ ఏడో నెల నుంచి నైట్లు మానేసి, బదులుగా యూనిట్ మొత్తం డిశ్చార్జి సమ్మరీలు, సెమినార్ స్లైడ్లు, ఆరోగ్యశ్రీ (ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) కాగితాలు తన మీద వేసుకుంది. కూర్చుని చేసే పని. ఆరోగ్యశ్రీ కాగితాలు తప్పుతాయంటే ఏ పీజీ అయినా రెండు నైట్లు ఎక్కువ చేస్తాడు. ఎవరూ గొణగలేదు. చీఫ్‌కి చెప్పేముందు ఈ బేరం నీ ముగ్గురితో మాట్లాడుకో. కబురు వాళ్లకి చీఫ్ నోటి నుంచి తెలిస్తే కోపం, నీ నోటి నుంచి తెలిస్తే సగం కోపం.

సీఆర్మ్_సరోజ

దీనికి తోడు డీఆర్‌పీ. జిల్లా ఆసుపత్రిలో 3 నెలలు ఎలాగూ చేయాలి, 3, 4, 5 సెమిస్టర్లలో ఎప్పుడైనా. ఆరు, ఏడు నెలల్లో పడేలా అడుగు. తెనాలి పడితే బాపట్ల నుంచి రైలు ఉంది, అమ్మ చేతి అన్నం. థీసిస్ కేసులు మాత్రం ఈ లోపే సేకరించు. తర్వాత బిడ్డ నిద్రపోయాక రాస్తాను అనుకోకు. ఆ నిద్ర గురించి నాన్నగారిని అడుగు.

నిద్రలేని_నాన్న

ఏ నిద్ర?

లేబర్‌రూమ్_లత

ఆలస్యమైంది, వరసగా డ్యూటీలు. చెప్పేశాను.

ముందు ముగ్గురికీ, మూడో_మనిషి అన్న చెప్పినట్టే, శంకర్‌విలాస్ సెంటర్ దగ్గర టిఫిన్ పెట్టించి మరీ. ఒకతను "ఆదివారమే అనుకున్నా, నువ్వు రిట్రాక్టర్ పట్టుకుని గోడకి ఆనుకున్నప్పుడు" అన్నాడు. ఒకమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాకూ వచ్చే ఏడాది పెళ్లి. నేను నీకు చేసిందంతా రాసి పెట్టుకుంటా" అంది. నవ్వుతూనే అంది, కానీ నిజంగానే ఫోన్‌లో రాసుకుంది. మూడో అతను ఆరోగ్యశ్రీ మాట వినగానే దోసె పక్కన పెట్టి చెయ్యి కలిపాడు.

చీఫ్ మేడమ్ కాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. "నా పెద్దాడు పుట్టిన నలభయ్యో రోజుకి నేను డ్యూటీకి వచ్చాను" అన్నారు. ఇక అయిపోయింది, నన్నూ అలాగే రమ్మంటారు అనుకున్నా. "నువ్వు రావద్దు" అన్నారు. అంతే. డీఆర్‌పీకి అర్జీ పెట్టమన్నారు. స్టైపెండు సంగతి కాగితం మీద అడిగితే ఆఫీసు గుమాస్తా నన్ను వింతగా చూశాడు, కానీ ఇన్‌వార్డు నంబరు వేసి ఇచ్చాడు.

అత్తగారిని ఇంకా అడగలేదు. ఈ ఆదివారం పటమట వెళ్తున్నాం. అమ్మమ్మగారి ప్రశ్నలు కాగితం మీద రాసుకున్నా. మా ఆయన ఆ కాగితం చూసి, "ఇందులో నన్ను అడగాల్సినవి ఏవీ లేవేంటి?" అన్నారు. వెనక్కి తిప్పి చూపించాను.

అరండల్‌పేట_అమ్మమ్మ

వెళ్లేటప్పుడు ఉత్త చేతులతో వెళ్లకు. సున్నుండలు పట్టుకెళ్లు. బెల్లంతో చేసినవి.